నాన్నగారి మెదడులో గడ్డ ఉందన్నారు: వెంటనే ఆపరేషన్ చేయించాలా, పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లాలా?

రాజోలు దగ్గరి పల్లె నుంచి మీరు రాసిన ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీ నాన్నగారికి 54 ఏళ్లు. మూడు వారాల క్రితం తోటలో కొబ్బరి దింపు జరుగుతుండగా ఫిట్స్ వచ్చి పడిపోయారు. సీటీ స్కాన్ తీస్తే మెదడు ఎడమవైపు ముందుభాగంలో సుమారు 4 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. అప్పటి నుంచి ఫిట్స్ మందు వాడుతున్నారు, మళ్లీ ఫిట్స్ రాలేదు, కానీ మాట్లాడేటప్పుడు ఒక్కోసారి పదం దొరక్క తడుముకుంటున్నారు. ఒక డాక్టరుగారు వారంలోపు ఆపరేషన్ చేయించమన్నారు, బంధువులు కత్తి తగిలితే పాకిపోతుందంటున్నారు, ఇంకొందరు విశాఖపట్నమో హైదరాబాదో తీసుకువెళ్లమంటున్నారు. అంత దూరం వెళితే అక్కడ కొత్తగా ఏం చేస్తారన్నది మీ అసలు ప్రశ్న.

నేను న్యూరోసర్జన్‌ని. హైదరాబాదులో మెదడు కణితుల ప్రత్యేక విభాగంలో పదకొండేళ్లు పనిచేశాను. ఆ తరువాత కాకినాడ వచ్చి, ఎక్కువగా ఉభయగోదావరి జిల్లాల రోగులనే చూస్తున్నాను. సూటిగా చెబుతాను. ఒక్క సీటీ స్కాన్ చూసి ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవద్దు. ఈ వారంలోనే రంగు మందు ఎక్కించి ఎం.ఆర్.ఐ. తీయించి, న్యూరోసర్జన్, రేడియాలజిస్టు, పాథాలజిస్టు, రేడియేషన్ డాక్టరు, కేన్సర్ మందుల డాక్టరు కలిసి కూర్చుని నిర్ణయం తీసుకునే ఆసుపత్రికి వెళ్లండి. ఆయన మెలకువగా ఉండి నడుస్తున్నంతవరకు సరైన చోటికి చేరడానికి పట్టే వారం పది రోజులు వృథా కావు. నెలల తరబడి ఆగడం మాత్రం తప్పు. ఇక కత్తి తగిలితే పాకుతుందన్న భయం పూర్తిగా వదిలేయండి. మెదడులో పుట్టే కణితులు శరీరంలోని ఇతర భాగాలకు పాకడమే చాలా అరుదు, పరీక్ష కోసం గడ్డ నుంచి చిన్న ముక్క తీసినందువల్ల (బయాప్సీ) అది మొదలు కాదు. ముక్క పరీక్షలో ఉండే నిజమైన ప్రమాదం లోపల రక్తస్రావం కావడం. అది కొద్దిమందిలోనే జరుగుతుంది, దాని గురించి మీ సర్జన్‌ను తప్పకుండా అడగండి.

ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మనిషి మగతగా ఉండి పిలిస్తే పలకకపోయినా, తలనొప్పితో పాటు వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ 5 నిమిషాలు దాటినా, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదైనా, కాలూ చెయ్యీ హఠాత్తుగా పడిపోయినా ప్రత్యేక విభాగం ఎక్కడుందని వెతకవద్దు. న్యూరోసర్జన్ ఉన్న అతి దగ్గరి ఆసుపత్రికి ఆ గంటలోనే తీసుకువెళ్లండి. ముందు ప్రాణం నిలబెట్టి, మిగతా ఆలోచన తరువాత చేస్తారు.

అంత తొందర లేనప్పుడు ఎందుకు ఆగమంటున్నానో ఇప్పుడు వివరిస్తాను. సీటీలో కనిపించేది ఒక ఆకారం, దాని చుట్టూ కొంత వాపు. "గడ్డ" అనేది ఆ ఆకారానికి మనం పెట్టుకున్న మాట మాత్రమే, రోగం పేరు కాదు. అదే చోట, అదే సైజులో కనిపించేది మెదడు పొర నుంచి పుట్టి ఏళ్ల తరబడి మెల్లగా పెరిగే మెనింజియోమా కావచ్చు, మెదడు కణజాలంలోనే పుట్టే గ్లయోమా కావచ్చు, ఊపిరితిత్తిలోనో మరెక్కడో మొదలై తలకెక్కిన కేన్సర్ కావచ్చు, లింఫోమా అనే తెల్ల రక్తకణాల కేన్సర్ కావచ్చు, అసలు కేన్సరే కాని టీబీ గడ్డో చీము గడ్డో కావచ్చు. వీటిలో ఒక్కోదానికి వైద్యం ఒక్కో దారి. కొన్నింటికి ఆపరేషనే మొదటి మెట్టు, కొన్నింటికి ఆపరేషన్ అవసరమే లేదు.

మండపేట వైపు నుంచి 26 ఏళ్ల అబ్బాయిని తీసుకువచ్చారు. ఫిట్స్ వచ్చాయి, స్కాన్‌లో ఉంగరంలాంటి మచ్చ, చుట్టూ బాగా వాపు. కేన్సర్ అని ఎవరో చెప్పగా ఇంటివారు అర ఎకరం చేను అమ్మకానికి పెట్టి నా దగ్గరకు వచ్చారు. పరీక్ష చేస్తుంటే మెడ పక్కన చిక్కుడు గింజంత బిళ్ల నా వేలికి తగిలింది. ఎం.ఆర్.ఐ.తో పాటు గడ్డలోని రసాయనాలను చూపే స్పెక్ట్రోస్కోపీ చేయించి, మెడలోని ఆ బిళ్ల ముక్క తీసి పంపితే టీబీ అని తేలింది. పద్దెనిమిది నెలలు మాత్రలు మింగాడు, తలలోని మచ్చ పోయింది. చేను అమ్మలేదు. మన దేశంలో ఫిట్స్‌తో వచ్చే యువకులలో టీబీ గడ్డ, పందిపురుగు తిత్తి (బద్దెపురుగు గుడ్లు కడుపులోకి చేరడం వల్ల మెదడులో ఏర్పడే తిత్తి) రెండూ తరచుగా కనిపిస్తాయి, శాకాహారులకూ రెండోది వస్తుంది. అందుకే పాశ్చాత్య దేశాల పాఠ్యపుస్తకంలోని వరుస ఇక్కడ యథాతథంగా పనికిరాదు.

మీ నాన్నగారి వయసులో ఇంకొక పరీక్ష తప్పనిసరి. పెద్దవారి మెదడులో కనిపించే కేన్సర్ గడ్డలలో అక్కడే పుట్టినవాటికంటే వేరేచోట నుంచి వచ్చినవే ఎక్కువ. లంక పొగాకు చుట్ట నలభై ఏళ్లు కాల్చిన ఒక పెద్దాయనకు తలలో రెండు చిన్న గడ్డలు కనిపిస్తే ఛాతీకి సీటీ తీయించాం. అసలు రోగం కుడి ఊపిరితిత్తిలో ఉంది. ముక్క అక్కడి నుంచి తీశాం, తలలోని రెండింటికీ గురిపెట్టి ఇచ్చే రేడియేషన్ సరిపోయింది, తల తెరవవలసిన పనే రాలేదు. మీ నాన్నగారికి చుట్ట, బీడీ అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉన్నా లేకున్నా ఛాతీ, పొట్ట సీటీ చేయించండి.

స్టెరాయిడ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీరు పెట్టిన చీటీలో డెక్సామెథాసోన్ ఉంది. గడ్డ చుట్టూ ఉన్న వాపును అది బాగా తగ్గిస్తుంది, మీ నాన్నగారికి మాట తడబాటు కొంత తగ్గి ఉంటే ఆ మందు వల్లే కావచ్చు. అయితే గడ్డ లింఫోమా అయితే ఇదే మందు దానిని తాత్కాలికంగా కరిగించేస్తుంది, ఆ తరువాత ముక్క తీసినా రోగం దొరకదు. కాబట్టి లింఫోమా అనుమానం ఉన్నప్పుడు, రోగి తట్టుకోగలిగితే, ముక్క తీసేదాకా ఈ మందు ఆపుతాం. మీరు మాత్రం సొంతంగా ఆపవద్దు, హఠాత్తుగా ఆపితే ప్రమాదం. ఏ రోజు మొదలుపెట్టారో, రోజుకు ఎన్ని మిల్లీగ్రాములో రాసుకుని కొత్త డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. షుగర్ పెరుగుతుంది కనుక రెండు మూడు రోజులకొకసారి పరీక్ష చేయించండి.

పెద్ద ఆసుపత్రిలో కొత్తగా జరిగేదేమిటంటే ఇదీ. నేను పనిచేసిన చోట బుధవారం మధ్యాహ్నం ట్యూమర్ బోర్డు ఉండేది. చీకటి గదిలో తెర మీద ఒక్కో రోగి ఎం.ఆర్.ఐ. వేస్తారు. రేడియాలజిస్టు గడ్డ ఎక్కడిదో, రక్తనాళాలు ఎలా ఉన్నాయో, చీము కాదని దేనిని బట్టి అంటున్నాడో చెబుతాడు. సర్జన్ ఎంత తీయగలడో, ఎక్కడ ఆగాలో చెబుతాడు. రేడియేషన్ డాక్టరు, మందుల డాక్టరు తమ మాట చెబుతారు. నేను ఆపరేషన్ అనుకుని వెళ్లి, ముక్క పరీక్ష చాలన్న నిర్ణయంతో బయటకు వచ్చిన రోజులున్నాయి. మెదడు అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథిలో గడ్డతో చూపు తగ్గిన ఒక పాలకొల్లు అమ్మాయి కేసులో నెలసరి ఆగిన సంగతి విని, హార్మోన్ల డాక్టరుగారు ప్రొలాక్టిన్ పరీక్ష చూసేదాకా కత్తి ముట్టుకోవద్దన్నారు. అది ప్రొలాక్టినోమా, అంటే ప్రొలాక్టిన్ హార్మోనును ఎక్కువగా తయారుచేసే గడ్డ. కాబెర్గోలిన్ మాత్రలతోనే గడ్డ చిక్కిపోయి చూపు తిరిగి వచ్చింది. ఎంత అనుభవం ఉన్నా ఒక్క మనిషి కన్ను అన్నింటినీ చూడలేదని నేను ఆ గదిలో నేర్చుకున్నాను, నా నిర్ణయాలలో మారినవి ఎక్కువగా అక్కడే మారాయి.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. మీ నాన్నగారి గడ్డ ఎడమవైపు ముందుభాగంలో ఉంది, మాట తడబడుతోంది, అంటే మాటకు సంబంధించిన ప్రాంతం దగ్గరలోనే ఉంది. ఇటువంటి చోట గ్లయోమా అయితే మా సూత్రం ఒక్కటే: మనిషికి నష్టం కలగకుండా తీయగలిగినంత తీయాలి. ఎంత ఎక్కువ తీస్తే తరువాతి వైద్యం అంత బాగా పనిచేస్తుంది. కానీ మాట పోయేలా తీస్తే ఆ లాభం మిగలదు. ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి కొందరికి మెలకువగా ఉంచి ఆపరేషన్ చేస్తాం.

ఈ మాట వినగానే ఇంటివారు భయపడతారు కనుక కొంచెం వివరంగా చెబుతాను. మెదడుకు నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది చర్మానికి, ఎముక మీది పొరకు, మెదడును కప్పిన దళసరి పొరకు. అక్కడ తిమ్మిరి ఇంజెక్షన్లు ఇస్తాం, ఎముక తెరిచేటప్పుడు నిద్రపుచ్చి తరువాత లేపుతాం. కోనసీమకు చెందిన ఒక బడిపంతులుగారికి ఇలా చేశాం. బొమ్మలు చూపించి పేరు చెప్పించడం పద్ధతి. మా దగ్గర ఉన్న విదేశీ బొమ్మల్లో కొన్ని మన పల్లెల వాళ్లు ఎన్నడూ చూడనివి. పేరు రాకపోతే అది మెదడు తప్పా బొమ్మ తప్పా తెలియదు. అందుకని పడవ, కొబ్బరికాయ, అరటిగెల, కావిడి, రోలు వంటి బొమ్మలతో సొంతంగా అట్టలు చేయించుకున్నాం. ప్రతి బొమ్మకూ "ఇది" అని మొదలుపెట్టి చెప్పాలి. "ఇది పడవ. ఇది అరటిగెల." నేను రెండు మొనల కడ్డీతో కొన్ని మిల్లీ ఆంపియర్ల కరెంటును మెదడు ఉపరితలం మీద ఒక్కో చోట తాకిస్తున్నాను. ఒక చోట పంతులుగారు "ఇది..." అని ఆగిపోయారు. కొబ్బరికాయ బొమ్మ కళ్లెదుటే ఉంది, పేరు రావడం లేదు. కడ్డీ తీయగానే "కొబ్బరికాయండీ, ఎందుకో రాలేదు" అన్నారు. "ఇది" అనగలిగారు కాబట్టి నోరు, నాలుక బాగున్నాయి, పోయింది పేరు ఒక్కటే. ఆ చోట చిన్న అంకె చీటీ పెట్టి, మళ్లీ రెండుసార్లు పరీక్షించి, దాని చుట్టూ బఠాణీ గింజంత గడ్డను వదిలేశాం. మిగతాది తీశాం. మధ్యలో ఒకసారి పెదవి అదరడం మొదలైతే చల్లటి సెలైన్ మెదడు మీద పోసి ఫిట్స్ ఆపాం. ఆయన మరుసటి జూన్‌లో బడికి వెళ్లారు.

మీ నాన్నగారికి ఇదే కావాలని నేను అనడం లేదు. గడ్డ మెనింజియోమా అయితే పూర్తి మత్తులోనే హాయిగా తీయవచ్చు. కానీ "మాట ప్రాంతం ఎలా కాపాడతారు?" అని మీరు అడగాలి, దానికి స్పష్టమైన జవాబు రావాలి. ఆపరేషన్ తరువాత 48 గంటలలోపు మళ్లీ ఎం.ఆర్.ఐ. తీయిస్తారా అని కూడా అడగండి. ఆలస్యమైతే ఆపరేషన్ వల్ల వచ్చిన మార్పులు, మిగిలిన గడ్డ ఒకటిగా కనిపించి గందరగోళం అవుతుంది.

ముక్క పరీక్ష దగ్గర చాలామంది తొందరపడి నష్టపోతున్నారు. ఆపరేషన్ జరుగుతుండగానే అరగంటలో ఒక ప్రాథమిక జవాబు వస్తుంది, వారం పది రోజులకు పూర్తి రిపోర్టు వస్తుంది, జన్యు పరీక్షలకు ఇంకా రెండు మూడు వారాలు పట్టవచ్చు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెదడు కణితుల వర్గీకరణను సవరించినప్పటి నుంచి చాలా గ్లయోమాలకు సూక్ష్మదర్శినిలో కనిపించిన రూపంతో మాత్రమే పేరు పెట్టడం లేదు, జన్యు మార్పులూ కలిపి పెడుతున్నారు. ఎందుకో రెండు సంఖ్యలతో చెబుతాను. గ్లయోమాలలో చాలా వేగంగా పెరిగే గ్లయోబ్లాస్టోమాలో రేడియేషన్‌తో పాటు టెమోజొలమైడ్ అనే కేన్సర్ మందు ఇస్తే మధ్యగత జీవితకాలం 14.6 నెలలని, రేడియేషన్ ఒక్కటే ఇస్తే 12.1 నెలలని 2005లో వెలువడిన పెద్ద అధ్యయనం చూపింది. 1పి, 19క్యూ అనే క్రోమోజోము భాగాలు రెండూ పోయిన మూడో గ్రేడు ఒలిగోడెండ్రోగ్లయోమా అనే మరో రకం గ్లయోమాలో, రేడియేషన్‌తో పాటు పాత మందుల కలయిక ఇచ్చినప్పుడు అదే లెక్క 14.7 ఏళ్లని 2013లో వచ్చిన మరో అధ్యయనం చూపింది. ఒకచోట నెలలు, మరొకచోట ఏళ్లు. ఈ రెండు గడ్డలూ సీటీలో ఇంచుమించు ఒకేలా కనిపించే సందర్భాలున్నాయి.

మధ్యగతం అంటే సగం మంది అంతకంటే ఎక్కువ కాలం ఉన్నారని. 2005 అధ్యయనంలోనే రెండేళ్లు దాటినవారు ఒక్క రేడియేషన్‌తో 10.4 శాతం ఉంటే, మందు కలిపినప్పుడు 26.5 శాతం అయ్యారు. మీరు ఇంటర్నెట్‌లో చదివిన సంఖ్యను మీ నాన్నగారి నుదుట రాయవద్దు. ఆయన గడ్డ పేరే ఇంకా మనకు తెలియదు.

అందుకని రిపోర్టులో ఐ.డి.హెచ్., 1పి/19క్యూ, ఎం.జి.ఎం.టి. అన్న జన్యు పరీక్షల ఫలితాలు ఉంటాయా అని ముందే అడగండి. ముక్కను నిలవ ఉంచే మైనపు దిమ్మలు, గాజు పలకలు అడిగి తీసుకోండి. ముక్క చిన్నదైనా దిమ్మ భద్రంగా ఉంటే నెల తరువాతైనా వేరే చోట పరీక్ష చేయించవచ్చు. గడ్డ అంతా పరీక్ష లేకుండా పోయి, తరువాత వైద్యం ఊహ మీద నడిపిన కేసులు నేను చూశాను. ఆ బాధ మీకు వద్దు.

రేడియేషన్, మందుల గురించి ఇప్పుడు క్లుప్తంగానే చెబుతాను, పేరు తెలిశాక వివరంగా మాట్లాడుకోవచ్చు. మనవాళ్లు "కరెంటు పెట్టడం" అంటారు కానీ ఒళ్లు కాలదు, ఆ గదిలో నొప్పి ఉండదు. వేడి నీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ జల్లెడను ముఖం మీద పరిచి, గట్టిపడ్డాక దానినే ముసుగుగా వాడి తల కదలకుండా ఉంచుతారు. గ్లయోబ్లాస్టోమాకు సాధారణంగా 30 సిట్టింగులు, మొత్తం 60 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం), వారానికి అయిదు రోజుల చొప్పున ఆరు వారాలు. టెమోజొలమైడ్ పరగడుపున మింగే మాత్ర, వారం వారం రక్తపరీక్ష చేయించాలి. మన దేశంలో తయారయ్యే జనరిక్ రకాలు దొరుకుతాయి. రేడియేషన్ ముగిసిన మొదటి మూడు నెలల్లో స్కాన్‌లో గడ్డ పెరిగినట్టు కనిపించి, ఏమీ మార్చకుండానే తరువాత తగ్గే సందర్భాలున్నాయి. ఆ ఒక్క స్కాన్‌తో ఆశ వదులుకుని వైద్యం మానేయవద్దు.

ఎక్కడికి వెళ్లాలంటే, మీకు అందుబాటులో విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి, అక్కడి కింగ్ జార్జి ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్, హైదరాబాదు నిమ్స్ ఉన్నాయి. దూరమైనా బెంగళూరు నిమ్‌హాన్స్, వేలూరు సీఎంసీ మెదడు కణితుల వైద్యంలో పేరున్నవి. మంచి ప్రైవేటు విభాగాలూ ఉన్నాయి. పేరు కంటే ముఖ్యం, ట్యూమర్ బోర్డు ఉందా, నెలకు ఇటువంటి ఆపరేషన్లు ఎన్ని చేస్తారు, జన్యు పరీక్ష ఎక్కడ జరుగుతుంది అన్నవి. ఆపరేషన్ పెద్ద చోట చేయించుకుని, ఆరు వారాల రేడియేషన్‌ను గోదావరి జిల్లాల్లోని కేంద్రంలోనే తీసుకోవడం చాలామందికి కుదురుతుంది, రెండు చోట్ల డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా మీరు చూసుకోవాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి రోజే కలవండి. ఏది పథకంలోకి వస్తుందో, ఏది మీరు కట్టుకోవాలో కాగితం మీద రాయించుకోండి. స్కాన్ ఫిల్ము ఒక్కటే చాలదు, సీడీ కూడా తీసుకువెళ్లండి.

ఇంటి దగ్గర చూసుకోవలసినవి ఇప్పుడే మొదలుపెట్టండి. ఫిట్స్ మందు ఒక్క పూట కూడా తప్పకూడదు. చెట్టెక్కడం, మోటారు సైకిలు నడపడం, చెరువు దగ్గర ఒంటరిగా తిరగడం, కాలువలో స్నానం పూర్తిగా మానాలి. గడ్డ తీయించుకుని ఏడాదిపాటు బాగున్న నా రోగి ఒకరు పెళ్లి హడావుడిలో రెండు రోజులు మాత్రలు వేసుకోలేదు. మూడో రోజు తెల్లవారుజామున పంట కాలువ రేవులో దిగారు. మోకాలి లోతు నీళ్లే, పక్కన ఎవరూ లేరు. అందుకే ఈ మాట ప్రతి ఇంటికీ రెండుసార్లు చెబుతాను. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా పెట్టవద్దు, చేతిలో తాళాలు పెట్టి సమయం పోగొట్టవద్దు, గడియారం చూడండి.

ఎం.ఆర్.ఐ. రిపోర్టు వచ్చాక అందులోని మాటలు యథాతథంగా ఇక్కడ రాయండి. ఆయనది కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో, పొగ అలవాటు ఉందో లేదో, డెక్సామెథాసోన్ ఏ రోజు మొదలైందో కూడా రాయండి. ఆ వివరాలు చూసి ఆపరేషనా, ముక్క పరీక్షా అన్న దాని మీద నా అభిప్రాయం చెబుతాను.